చిట్టిముత్యాల బియ్యంతో రొయ్యల పలావు, ఒకే దబరలో

రొయ్యల పలావు పాడయ్యేది రెండు రకాలుగా. రొయ్య గట్టిపడి సాగుతుంది, లేదంటే అన్నం ముద్దయిపోతుంది. చాలా ఇళ్లలో రెండూ ఒకేసారి జరుగుతాయి. రెండిటికీ మూలం ఒకటే: రొయ్యలో ఊరే నీటిని ఎసరు లెక్కలో వేసుకోకపోవడం.

కోడి పలావుకి బియ్యానికి తగ్గ నీళ్లు కొలిచి పోసేస్తే పని అయిపోతుంది. రొయ్యకి అలా కుదరదు. ఉప్పు తగిలి వేడెక్కగానే అది నీరు వదలడం మొదలెడుతుంది. మామూలుగా అందరం చేసేదేంటంటే, ఆ నీరంతా ఇగిరేదాకా రొయ్యల్ని వేయిస్తాం. నీరు ఇగిరేసరికే రొయ్య ఉడకాల్సినదానికన్నా ఎక్కువ ఉడికిపోయి ఉంటుంది. దాని మీద ఎసరు పోసి, బియ్యం వేసి, ఇంకో ఇరవై నిమిషాలు ఉడికిస్తాం. ఇక అది మెత్తగా ఎలా ఉంటుంది? ఇగరనివ్వకుండా ఎసరు పోస్తేనేమో ఆ నీరు అదనంగా కలిసి బియ్యం చితికిపోతుంది. నేను చెప్పే పద్ధతిలో రొయ్య నీరు వదలగానే రొయ్యని బయటికి తీసేస్తాం, ఆ నీటిని గ్లాసులో కొలిచి ఎసట్లో కలుపుతాం, రొయ్యని మళ్లీ దమ్ములోనే గిన్నెలో పెడతాం. అంతా ఒకే దబరలో అవుతుంది.

మాది నరసాపురం దగ్గర పల్లెటూరు. పుట్టింట్లో వరి, అత్తింట్లో చెరువులు. అందుకని బియ్యం గురించీ, రొయ్యల గురించీ కాస్త ఎక్కువే చెబుతాను. వంట మొదలయ్యేలోపే సగం రుచి ఖాయమైపోతుంది కాబట్టి ఓపికగా చదవండి.

రొయ్య

మా వైపు రొయ్యని కౌంట్‌లో చెబుతాం. తలతో సహా కిలోకి ఎన్ని తూగితే అంత కౌంట్. యాభై కౌంట్ అంటే కిలోకి యాభై, ఒక్కోటి ఇరవై గ్రాములు. ముప్పై కౌంట్ అంటే ఇంకా పెద్దవి, వంద కౌంట్ అంటే చిన్నవి. అంకె తగ్గేకొద్దీ రొయ్య పెద్దది, ధర ఎక్కువ. పలావుకి నలభై నుంచి అరవై కౌంట్ లోపు బాగుంటుంది. వంద కౌంట్‌వి ఇగురుకి, వంకాయలో వేసుకోడానికి బాగుంటాయి గానీ పలావులో ఎక్కడున్నాయో వెతుక్కోవాలి. మరీ పెద్దవైతే లోపల ఉడికేసరికి పైన గట్టిపడతాయి.

ఇప్పుడు బజారులో దొరికే చెరువు రొయ్య దాదాపు అంతా వనామీ. మా చిన్నతనంలో చెరువు రొయ్యంటే టైగరే. తెల్లమచ్చల వైరస్ వచ్చి టైగర్ చెరువులు దెబ్బతిన్నాయి, 2009లో వనామీ పెంచడానికి ప్రభుత్వం అనుమతి ఇచ్చాక భీమవరం, ఆకివీడు, కైకలూరు చుట్టుపక్కల ఎక్కడ చూసినా వనామీయే. వనామీ మాంసం కాస్త తియ్యగా, మెత్తగా ఉంటుంది, త్వరగా ఉడుకుతుంది. టైగర్‌కి ఒక నిమిషం ఎక్కువ పడుతుంది. గోదారి నీలకంఠం రొయ్య దొరికితే మాత్రం పలావులో వెయ్యకండి. దాని తలలో ఉండే కొవ్వు పులుసులోనే బాగా తెలుస్తుంది.

కొనేటప్పుడు మొదట తల చూడండి. తల మొండేనికి గట్టిగా అంటుకుని ఉండాలి. పట్టుకుని ఎత్తితే వేలాడుతున్నా, మెడ దగ్గర పసుపో నలుపో తేలినా ఆ సరుకు పాతది. రొయ్య జీర్ణాశయం తలలోనే ఉంటుంది కాబట్టి పాడవడం అక్కడే మొదలవుతుంది. తరవాత పెంకు నొక్కి చూడండి. మొన్నమొన్ననే గుల్ల విడిచిన, అంటే పాత పెంకు వదిలేసిన రొయ్య పెంకు కాగితంలా మెత్తగా నొక్కుకుపోతుంది. గుల్ల విడిచాక రొయ్య నీరు పీల్చుకుని ఉబ్బుతుంది, అందుకని పొయ్యి మీద ఆ నీరంతా వదిలేసి సగానికి సగం అయిపోతుంది. అమావాస్యకీ పున్నానికీ గుల్ల విడవడం ఎక్కువని మా రైతులంటారు, ఆ రోజుల్లో చెరువులో రొయ్య పట్టరు. నేను బజారుకి వెళ్తే ముందు ఇదే అడుగుతాను.

"గుల్ల ఎలా ఉందమ్మా?"

"గట్టి సరుకండీ, నొక్కి చూసుకోండి. తెల్లారగట్ల పట్టిందే, ఐసు ఇంకా కరగలేదు."

నొక్కి చూసుకోమన్న మనిషి దగ్గర నిశ్చింతగా కొంటాను. నొక్కనివ్వకపోతే పక్క గంప చూసుకోవడమే.

కిలో రొయ్యలు తలలు, పెంకులు తీస్తే అర కిలో పైచిలుకు మిగులుతాయి. మూడు గ్లాసుల బియ్యానికి అది సరిపోతుంది, ఆరుగురు తింటారు. ఒలిపించి తెచ్చుకోవడం సులువే గానీ తలలూ పెంకులూ కూడా అడిగి తెచ్చుకోండి. అవి ఎసరుకి కావాలి.

ఊళ్లో లేని పిల్లలకి ఒక మాట. మా మేనకోడలు డల్లాస్‌లో గడ్డకట్టిన ప్యాకెట్ కొంటుంది. అక్కడ ప్యాకెట్ మీద 31/40 అనో 21/25 అనో వేస్తారు. అది కిలోకి కాదు, పౌనుకి. పైగా తల తీసేసిన రొయ్య లెక్క. అందుకని 31/40 అని ఉన్నదే మన యాభై కౌంట్‌కి దగ్గర, 21/25 అయితే మన ముప్పై కౌంట్‌కి దగ్గర. వెనకాల పదార్థాల పట్టీ కూడా చదవండి. ట్రైపాలీఫాస్ఫేట్ అని ఉంటే ఆ రొయ్య నీరు పట్టించిన రొయ్య, పొయ్యి మీద చాలా నీరు వదులుతుంది. రొయ్య, ఉప్పు మాత్రమే ఉన్న ప్యాకెట్, అదీ పెంకుతో ఉన్నది దొరికితే అదే తీసుకోండి. రాత్రి ఫ్రిజ్ కింది అరలో పెట్టి కరగనివ్వాలి. వేడినీళ్లలో పడేస్తే పైపైన ఉడికినట్టయిపోతుంది.

ఒలవడం, కడగడం

తల తిప్పి లాగెయ్యండి. కాళ్ల వైపు నుంచి బొటనవేలు పెట్టి పెంకు ఒలవండి. పలావుకి తోక కూడా తీసెయ్యాలి, అన్నం కలుపుకుని తింటూ మధ్యలో తోకలు ఏరుకోవడం విసుగు. వీపు మీద చాకుతో సన్నగా గీస్తే నల్ల నరం కనిపిస్తుంది. అది నరం కాదు, పేగు. రొయ్య తిన్న మేత, మట్టి అందులోనే ఉంటాయి, వదిలేస్తే పంటికింద ఇసుక తగులుతుంది. వీపు చీల్చడం ఇష్టం లేకపోతే పెంకు తియ్యకముందే నడుము దగ్గర రెండు పెంకుల సందులో టూత్‌పిక్ గానీ కొత్త చీపురు పుల్ల గానీ గుచ్చి నెమ్మదిగా పైకి ఎత్తండి. తాజా రొయ్య అయితే పేగు తెగకుండా దారంలా మొత్తం వచ్చేస్తుంది. నేను ఇలాగే తీస్తాను, రొయ్య నిండుగా ఉంటుంది.

కల్లుప్పు, పసుపు వేసి చేత్తో మెల్లగా రుద్ది రెండుసార్లు కడగండి. చెరువు రొయ్యకి ఒక్కోసారి మట్టి వాసన ఉంటుంది, నీళ్లలో నాచు వల్ల వస్తుంది. మూడోసారి నీళ్లలో కాస్త నిమ్మరసం పిండి వెంటనే వంచేస్తే ఆ వాసన తగ్గుతుంది. నిమ్మరసంలో నానబెట్టకండి, పులుపు తగిలిన కొద్దీ రొయ్య పైపొర గట్టిపడుతుంది. కడిగాక చిల్లుల గిన్నెలో పది నిమిషాలు వదిలి పూర్తిగా నీరు ఓడనివ్వాలి. ఈ పది నిమిషాలు తగ్గించకండి, ఎందుకో ఎసరు దగ్గర తెలుస్తుంది.

తరవాత అర చెంచా ఉప్పు, పావు చెంచా పసుపు, చెంచా కారం, అర చెంచా అల్లంవెల్లుల్లి ముద్ద పట్టించి పావుగంట పక్కన పెట్టండి. పెరుగు వద్దు.

బియ్యం

చిట్టిముత్యాలు. పొట్టి గింజ, మంచి వాసన. పలావు వేడిగా ఉన్నప్పుడు గింజ గింజకీ మసాలా అంటుకుని ఉంటుంది. బాస్మతి పొడుగ్గా విడివిడిగా చూడ్డానికి బాగుంటుంది గానీ, ఈ వంటలో రొయ్య ఎసరు గింజలోకి దిగడమే ముఖ్యం, దానికి చిట్టిముత్యాలే సరైనవి. దొరకకపోతే బీపీటీ బియ్యం వాడుకోండి. బాపట్లలో తయారై 1986లో విడుదలైన ఆ రకం, సాంబ మసూరి, మన ఇళ్లలో రోజూ వండుకునేదే. పలావుకీ బాగానే ఒదుగుతుంది.

మూడు గ్లాసులు కొలవండి. మా ఇంట్లో స్టీలు గ్లాసు పావు లీటరుది. మీ గ్లాసు ఏదైనా సరే, బియ్యం కొలిచిన గ్లాసుతోనే ఎసరు కూడా కొలవాలి. రెండుసార్లు కడిగి అరగంట నానబెట్టి నీళ్లు పూర్తిగా ఓడ్చండి. నానిన చిట్టిముత్యాలకి గ్లాసుకి గ్లాసున్నర ఎసరు చాలు. అంటే మూడుకి నాలుగున్నర. కొత్త బియ్యమైతే మొత్తం మీద పావు గ్లాసు తగ్గించండి. నానబెట్టే తీరిక లేకపోతే గ్లాసుకి రెండు లెక్కన పొయ్యాలి, కానీ గింజ అంత బాగా రాదు.

ఎసరు

ఇక్కడ నిదానించండి.

అడుగు మందంగా ఉన్న దబర పెట్టి చెంచా నూనె వేసి, శుభ్రంగా కడిగిన తలలూ పెంకులూ వేసి పెద్ద మంట మీద వేయించండి. మూడు నాలుగు నిమిషాల్లో బూడిదరంగు పోయి నారింజ రంగు వస్తుంది, నూనెకి కూడా ఆ రంగు ఎక్కుతుంది. వంటింటి బయటికి వాసన వచ్చాక మూడున్నర గ్లాసుల నీళ్లు పోసి, చిన్న ఉల్లిపాయ ముక్క, నాలుగు మిరియాలు వేసి పావుగంట మరగనివ్వండి. ఇరవై నిమిషాలు దాటితే చేదు వస్తుంది. గరిటెతో తలల్ని బాగా నొక్కి వడగట్టండి. సుమారు రెండున్నర గ్లాసుల నారింజ రంగు నీళ్లు వస్తాయి. తలలు తాజాగా లేవనిపిస్తే నిర్మొహమాటంగా పారేసి పెంకులతో మాత్రమే చెయ్యండి.

ఒక కొబ్బరికాయ తురిమి, గోరువెచ్చని నీళ్లతో మిక్సీలో తిప్పి, బట్టలో పిండి గ్లాసున్నర పాలు తియ్యండి. డబ్బా పాలైతే చిక్కగా ఉంటాయి, సగం పాలు సగం నీళ్లు కలుపుకోండి.

అదే దబర తుడిచి, మూడు చెంచాల నూనె పోసి బాగా కాగనివ్వండి. మసాలా పట్టించిన రొయ్యల్ని ఒక్క వరసలో పరవండి. చోటు చాలకపోతే రెండు వాయిలుగా వెయ్యండి, ఒకదాని మీద ఒకటి పడితే వేగవు, ఉడుకుతాయి. ఒక నిమిషం కదపకుండా వదిలి, తిప్పి, ఇంకో నిమిషం. అప్పుడు రొయ్య వైపే చూస్తూ ఉండండి. గాజులా ఉన్న ఒళ్లు అంచుల నుంచి తెల్లబడుతూ వస్తుంది, వీపు మీద గీతలు గులాబీ రంగుకి తిరుగుతాయి, నడుము సగం వంగుతుంది. మధ్యలో ఇంకా కాస్త గాజు రంగు కనిపిస్తుండగానే చిల్లుల గరిటెతో తీసెయ్యాలి. తోక తల వైపుకి పూర్తిగా చుట్టుకుందంటే ఆలస్యమైనట్టే.

దబర అడుగున ఇప్పుడు నూనె, నీరు కలిసి ఉంటాయి. దాన్ని గ్లాసులోకి వంచండి. నూనె పైకి తేలుతుంది, కింద రొయ్య వదిలిన నీరు. గట్టి పెంకు తాజా రొయ్య అయితే పావు గ్లాసు, మెత్త రొయ్య అయితే అర గ్లాసు, గడ్డకట్టిన ప్యాకెట్‌దైతే ముప్పావు గ్లాసు దాకా కూడా ఉంటుంది. ఇలా సరుకుని బట్టి మారిపోతుంది కాబట్టే పుస్తకంలో రాసిన కొలత ఒకరింట్లో కుదిరి ఇంకొకరింట్లో కుదరదు. చిట్టిముత్యాల బియ్యానికి అర గ్లాసు ఎక్కువైతే చాలు, గింజ విచ్చిపోతుంది.

ఇప్పుడు లెక్క సులువు. రొయ్య నీరు ఎంతుందో చూసుకోండి, కొబ్బరిపాలు గ్లాసున్నర కలపండి, నాలుగున్నర గ్లాసులకి ఎంత తక్కువైతే అంత పెంకుల నీళ్లు పొయ్యండి. అప్పటికీ తక్కువైతే మామూలు నీళ్లు. రుచంతా లోపలే ఉండిపోయింది, ఒక్క చుక్క కూడా ఇగిరిపోలేదు.

పలావు వెయ్యడం

అదే దబరలో రెండు చెంచాల నూనె, రెండు చెంచాల నెయ్యి. చిన్న దాల్చినచెక్క ముక్క, నాలుగు లవంగాలు, మూడు యాలకులు, ఒక బిర్యానీ ఆకు, అర చెంచా షాజీరా. అంతే. అనాసపువ్వు, జాపత్రి, మరాటిమొగ్గ మాంసానికి బాగుంటాయి, రొయ్యని కమ్మేస్తాయి. గరం మసాలా పొడి నేను అసలు వెయ్యను. పెళ్లి వంటల్లో వేస్తారు, వాళ్ల వంట వాళ్లది. మన ఇంట్లో రొయ్య రుచి తెలియాలి.

పెద్ద ఉల్లిపాయలు రెండు నిలువుగా తరిగి వేసి బంగారు రంగు వచ్చేదాకా వేయించండి. ఎర్రగా మాడ్చకండి. అయిదారు పచ్చిమిర్చి చీలికలు, చెంచాన్నర అల్లంవెల్లుల్లి ముద్ద వేసి పచ్చి వాసన పోనివ్వండి. గుప్పెడు పుదీనా, గుప్పెడు కొత్తిమీర. టమాటా వద్దు, దాని నీరు కూడా లెక్కలోకి వస్తుంది, పైగా కొబ్బరిపాల కమ్మదనం మీద ఆ పులుపు నప్పదు.

కలిపి పెట్టుకున్న నాలుగున్నర గ్లాసుల ఎసరూ పొయ్యండి. మరగడం మొదలయ్యాక ఉప్పు వేసి చెంచాతో రుచి చూడండి. ఎసరు నాలిక్కి కాస్త ఉప్పగా తగలాలి, అప్పుడే అన్నానికి సరిపోతుంది. రొయ్య నీటిలో ఇప్పటికే కొంచెం ఉప్పు ఉంది కాబట్టి రుచి చూడకుండా అలవాటు కొద్దీ వెయ్యకండి. కొబ్బరిపాలు కాస్త విరిగినట్టు కనిపించినా కంగారు పడక్కర్లేదు, అన్నంలో కలిసిపోతాయి.

ఓడ్చిన బియ్యం వేసి ఒక్కసారి అడుగు నుంచి కలిపి, మధ్యస్తంగా మంట పెట్టి, సగం మూత వెయ్యండి. తరవాత గరిటె పెట్టొద్దు. ఏడెనిమిది నిమిషాల్లో పైన నీరు కనిపించడం మానేసి, బియ్యం మీద చిన్న చిన్న గుంటలు పడి వాటిలోంచి బుడగలు వస్తాయి. రొయ్యలు పెట్టే సమయం అదే. పళ్లెంలో రొయ్యల కింద చేరిన రసంతో సహా పైన పరిచి, గరిటె వెనక వైపుతో కొద్దిగా లోపలికి అదమండి. గ్లాసులో పైకి తేలిన నూనె ఇంకా ఉంటే అదీ వేసెయ్యండి. చెంచా నెయ్యి, కొత్తిమీర చల్లి గట్టి మూత పెట్టి, మూత మీద నీళ్ల గిన్నె బరువు పెట్టండి.

దబర కింద పాత అట్ల పెనం పెట్టి సన్నటి సెగ మీద పది నిమిషాలు. పొయ్యి ఆపి ఇంకో పావుగంట మూత తియ్యకుండా వదిలెయ్యాలి. అందరూ తొందరపడేది ఇక్కడే. వేడివేడిగా కలిపితే చిట్టిముత్యాల గింజ విరుగుతుంది, పావుగంట ఆగితే బిగుస్తుంది. మూత తీశాక అట్లకాడతో అంచుల నుంచి కింది అన్నం పైకి తెస్తూ కలపండి. ఒక పెద్ద రొయ్యని తుంచి చూడండి: మధ్యలో తెల్లగా ఉండి, గాజు రంగు ఎక్కడా లేకపోతే ఉడికినట్టు.

కుక్కర్‌లో చేసుకునేవాళ్లు ఎసరు అర గ్లాసు తగ్గించి, రొయ్యలు వెయ్యకుండా ఒక్క కూత రానిచ్చి ఆపెయ్యండి. ఆవిరి దానంతటదే పోయాక మూత తీసి, రొయ్యలు పరిచి, విజిల్ పెట్టకుండా మళ్లీ మూత పెట్టి సన్న సెగ మీద ఆరేడు నిమిషాలు ఉంచండి. దబరలో వచ్చినంత బాగా రాదు గానీ రొయ్య మాత్రం మెత్తగానే ఉంటుంది.

దీనికి కూర అక్కర్లేదు. మా వైపు పలావు అంటే పక్కన కోడికూర ఉండాల్సిందే, అల్లుళ్లు వస్తే మరీను. కానీ రొయ్యల పలావు మీద కోడికూర పోసుకుంటే ఇంత జాగ్రత్తగా దాచిన ఎసరు రుచి ఏమవుతుంది? ఉల్లిపాయ, పచ్చిమిర్చి సన్నగా తరిగి వేసిన పెరుగు పచ్చడి, ఒక నిమ్మచెక్క పెట్టండి. అల్లుడుగారు అడిగితే కూర విడిగా గిన్నెలో ఇవ్వండి.

మిగిలితే రెండు గంటల్లోపే ఫ్రిజ్‌లో పెట్టెయ్యండి, మర్నాడు మధ్యాహ్నానికి తినెయ్యాలి. వేడి చేసేటప్పుడు రొయ్యలు ఏరి పక్కన పెట్టి, అన్నం మీద చారెడు నీళ్లు చిలకరించి మూతపెట్టి బాగా పొగలు వచ్చేదాకా వేడి చెయ్యండి. అప్పుడు రొయ్యలు అన్నంలోకి దూర్చి, మళ్లీ మూత పెట్టి అవి కూడా లోపలిదాకా వేడెక్కగానే దింపెయ్యండి.